సిద్దమ్మ ఏరు దాటించిన పిల్లులు

"పిల్లి నీ పుట్టిని కొరుక్కొని తింటుందా ఏమి?"

"తినదు బాయమ్మా. అయినా ఎక్కించుకోను."

"మేకలను ఎక్కించుకుంటావు. గాడిదను ఎక్కించుకుంటావు. మొన్న ఎవరిదో మోటారు సైకిలే ఎక్కించుకొని పోయినావంట. నా పిల్లి చేసిన పాపమేమి?"

"మీ పిల్లి సెయ్యలేదు తల్లీ. సేసింది నేను. పోండి, ఎండ ఎక్కుతాంది."

సైకిలు చేత్తో పట్టుకొని తుంగభద్ర గట్టు దిగుతాంటే ఈ మాటలు నా చెవిన పడినాయి. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసం. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన చీరలు సైకిలుకు కట్టుకొని అవతలి ఒడ్డున రాయచూరు వైపు పల్లెల్లో అమ్మేది అప్పటి నా పని. ఆదోని కాలేజీలో బీఏ సగంలో వదిలేసినోనికి అంతకంటే ఏం దొరుకుతుంది? వారానికి రెండు మూడుసార్లు ఆ రేవులోనే ఏరు దాటుతాంటిని. తట్ట మాదిరి గుండ్రటి పుట్టిని నడిపే సిద్దమ్మతో అంతవరకు నాకు "ఎక్కు", "దిగు" తప్ప వేరే మాట లేదు.

ఆ రోజు రేవులో నిలబడి కొట్లాడుతున్నది ఇందిరాబాయి. ఎమ్మిగనూరు బడిలో అయ్యవారుగా పనిచేసే భీమసేనరావు గారి భార్య. గట్టు మీద జట్కా ఆపించి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని, ఇంకో చేత్తో మూతి కట్టిన గోనెసంచి వేలాడదీసుకొని ఉండాది. సంచి దానంతట అది ఎగురుతాంది. సిద్దమ్మ పుట్టి అంచు మీద కూర్చొని పొగాకు నములుతాంది. పుట్టికి పూసీ పూసీ మోచేతుల దాకా తారు మరకలు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండిన తుమ్మకొమ్మ మాదిరి.

"మడిబట్ట మీద ఈనిందే అది! దేవునికి తీసిపెట్టిన పాలు తాగేసింది. దాన్ని ఎట్ల పెట్టుకోమంటావు ఇంట్లో?"

"పాల మీద మూత పెట్టుకోండి."

"నలభై ఏండ్లు సంసారం చేసినదాన్ని, నాకు మూత పెట్టేది నేర్పుతావా నువ్వు?"

"నేర్పేది లేదు బాయమ్మా. గట్టిగా పెట్టమంటాండా."

గట్టు మీద జట్కావాడు పకపకా నవ్వినాడు. ఇందిరాబాయి ముఖం కందిపోయింది. "మా అత్తగారి కాలం నుంచి మీ ఇంటాయన దాటించలేదా? ఆయనకు లేని శాస్త్రం నీకెక్కడిది?" అని ఆమె గొంతు పెంచింది.

మా వైపు వాళ్ళకు ఇది చెప్పే పని లేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా దగ్గర పిల్లిని చంపరు. చంపితే బంగారంతో పిల్లిబొమ్మ చేయించి దానమియ్యాలంటారు, అప్పటికీ పాపం సగమే తీరుతుందంటారు. అట్లని పాలు తాగే పిల్లిని ఇంట్లో ఉంచుకోలేరు. ఊరవతల వదిలితే తెల్లారేసరికి వచ్చి పొయ్యి గడ్డ మీద పండుకొని ఉంటుంది. దానికి మందు ఒకటే, ఏరు దాటించేది. నీళ్ళు దాటిన పిల్లికి ఇంటిదారి తెలియదని నమ్మకం. అందుకని ఎమ్మిగనూరు నుంచే కాదు, కోసిగి నుంచి, ఆదోని నుంచి కూడా సంచుల్లో పిల్లులను కట్టుకొని ఈ రేవుకు వచ్చేటోళ్ళు. సంచి పుట్టివాని చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా పోవాల.

నాకు ఎండలో నిలబడే ఓపిక లేదు. "ఇటియ్యమ్మా సంచి. సాయంత్రం ఆదోనికి పోతాండాను. మా అన్న జిన్నింగు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పత్తిగింజల గోడౌను నిండా ఎలుకలే" అన్నాను.

ఇందిరాబాయి నన్ను కింద నుంచి మీదికి చూసింది. "ఆదోని దోవలో ఏరు లేదు కదా?"

"ఏరు లేదు, బస్సు ఉంది. పిల్లికి బస్సుదోవ తెలియదు."

ఆమె సంచి నా చేతికిచ్చి, గట్టు సగం ఎక్కి, తిరిగి చూడకూడదన్నది మరిచిపోయి వెనక్కి తిరిగింది. "కొట్టవద్దు నాయనా. దాని పిల్లలను గండుపిల్లి తినేసింది. పెరుగన్నం తింటుంది" అని చెప్పి పోయింది.

సంచి సాయంత్రం నాతోనే తిరిగొస్తుందని ఒప్పించి ఎక్కినాను. పుట్టి రేవు వదిలినాక సిద్దమ్మ తెడ్డు వేస్తానే సంచి వైపు చూస్తాంది.

"నిజంగా తీసకపోతావా అప్పా? దోవలో కంపలో పారేస్తావా?"

"పారేసేటోణ్ణయితే ఈ ఏట్లోనే పారేస్తుంటి."

పుట్టి నడి ఏట్లో ఒక చుట్టు తిరిగింది. ఆమె తిప్పితే తిరిగిందో, తెడ్డు ఆపితే తిరిగిందో నాకు తెలియదు. అప్పుడు అడిగింది. "ఆ పత్తి మిల్లులో ఎన్ని పిల్లులు పడతాయప్పా?"

* * *

ఆ రేవుకు ఎగువన, ఏరు రెండు పాయలుగా చీలేచోట ఒక తిప్ప ఉంది. ఎగువ కొసన ఏనుగుల మాదిరి బండలు, నాలుగు చెట్లు. వానకాలం ఏరు నిండినా ఆ కొస మునగదు. పుష్యమాసం దాటి నీళ్ళు తగ్గితే బండల కింద నుంచి పొడుగ్గా ఇసుక బయటపడుతుంది. దాన్ని పిట్టల తిప్ప అంటారు. పుట్టిలో నుంచి ఎన్నోసార్లు చూసినాను. నా కంటికి రాళ్ళు, ఇసుక, అంతే.

సిద్దమ్మకు అది అత్తగారింట్లో మొదట చూసిన వింత. ఆమెది దేవనకొండ పక్క పల్లె. నీళ్ళంటే బావిలో తప్ప చూడని పిల్ల. పుట్టి నడిపే అయ్యన్నకు ఇచ్చి చేసినారు. పెండ్లయిన కొత్తలో అయ్యన్న ఆమెను పుట్టిలో కూర్చోబెట్టుకొని ఆ తిప్పకు తీసుకుపోయినాడంట. "నీకేమన్నా సూపించాల" అన్నాడంట. ఇసుకలో దింపి, చప్పట్లు కొట్టినాడు.

"తిప్ప లేసిందప్పా" అని చెప్పింది నాతో. "భూమే లేసిందనుకుంటి. తెల్లగా, కేకలేసుకుంటా. ఎండ పోయి నీడ పడింది. నేను ఆయన నడుం పట్టుకొని ఏడ్సినా. ఆయన నవ్వుతాడు. పిట్టలే పిచ్చిదానా, అంటాడు."

ఏటా మాఘంలో వస్తాయి, గుడ్లు పెడతాయి, పిల్లలను ఎగరేసుకొని వానలకు ముందే పోతాయి. దేవనకొండ నుంచి ఆమె పుట్టింటోళ్ళు ఏ పండగకూ రాలేదంట. "ఇవి వస్తాయి. మాఘం వస్తే నేను ఇల్లు అలుక్కొనేదాన్ని. ఎవురికోసమే అని మా అత్త అడిగేది" అని చెప్పి నవ్వింది.

పిల్లుల సంగతి అయ్యన్న కాలంలోనే మొదలైంది. మొదట్లో ఆయన సంచులను అవతలి ఒడ్డుకే చేర్చేటోడు. అవతలి పల్లెవాళ్ళు ఊరుకుంటారా? మా కోళ్ళను తినడానికి మీ పిల్లులా అని కట్టెలు పట్టుకొని వచ్చినారు. పుట్టి బోర్లదోస్తామన్నారు. అయ్యన్న ఇటు సంచులు తెచ్చినవాళ్ళకు కాదని చెప్పలేడు, అటు దించలేడు. నడుమ తిప్ప ఉంది. తిప్పకూ ఊరికీ నడుమ ఏరు ఉంది కదా, దాటినట్టే అనుకున్నాడు. పిల్లి చావలేదు, ఇంటికి తిరిగిరాలేదు, ఎవరి కోడినీ తినలేదు. ఎవరికీ పాపం లేదు.

ఆయన జ్వరంతో పోయినాక సిద్దమ్మ తెడ్డు పట్టుకుంది. ఆడమనిషి పుట్టి ఎక్కేది ఎట్ల అని మొదట కొందరు గట్టు మీదనే కూర్చున్నారు. కూర్చొని కూర్చొని ఎండకు తట్టుకోలేక వాళ్ళే దిగి ఎక్కినారు. పుట్టితో పాటు పిల్లులూ ఆమెకు వచ్చినాయి. పాపం ఏం తింటాయోనని చేపల తలకాయలు, పేగులు తీసి పోయేటప్పుడు తిప్ప మీదికి విసిరేది. "బా, బా" అని పిలిస్తే బండల మీద నుంచి తోకలు లేపుకొని పరుగెత్తి వచ్చేటివి. పిల్లలు పెట్టినాయి. పిల్లల పిల్లలు పెట్టినాయి.

పిట్టలు తగ్గుతాన్నాయని ఆమెకు తెలుస్తానే ఉంది. ఎందుకో తెలియలేదు. హోస్పేట డ్యాం నుంచి నీళ్ళు వదిలినారు, గుడ్లు కొట్టుకపోయినాయి అనుకుంది. ఒక ఏడు అది నిజమే. మరుసటి ఏడు నీళ్ళు రాలేదు, అయినా పిట్టపిల్లలు లేవు. పాము తింటాందేమోనని బండల దగ్గర టెంకాయ కొట్టింది. కరువుకు మేకలను తోలుకొచ్చి తిప్ప మీద వదిలిన కాపర్లను తిట్టింది. ఆ తిట్టు ఊరికే పోలేదు, ఎందుకంటే మేకల పెంటికల్లో వచ్చిన సర్కారు కంప గింజలు మొలిచి, ఒట్టి ఇసుక ఉన్నచోట ముళ్ళపొదలు లేచినాయి. ఆ పొదల్లో పిల్లులు చల్లగా ఈనినాయి.

"నిజం తెలిసింది ఎట్లంటే" అని, ఆ మాట చెప్పేముందు ఆమె పొగాకు ఉమ్మేసి నోరు కడుక్కుంది. "ఒకటి ఉండాదప్పా, బూడిదరంగుది. నా సేతుల్లో పెరిగింది. బా బా అంటే అన్నిటికంటే ముందు వచ్చేది. ఒకనాడు తలకాయలు వేసి పుట్టి తిప్పుతాంటే, అది తినకుండా పొదలోకి పోయి మళ్ళీ వచ్చింది. నోట్లో పిట్టపిల్ల. నా కాళ్ళకాడ పెట్టింది. పెట్టి నా మొగం సూస్తాంది. నేను దానికి సేప ఇస్తాంటి గదా, అది నాకు ఇచ్చింది."

అప్పటి నుంచి పిల్లి సంచి ఎక్కించుకోలేదు.

* * *

మరుసటి వారం, చీరల మూట రేవులోనే దించి, ఆమెతో తిప్పకు పోయినాను. ఆదోనికి చేర్చిన పిల్లి బాగుందని చెప్పినందుకు తీసుకుపోయిందో, నాతో పని ఉండి తీసుకుపోయిందో. పొద్దు ఇంకా నెత్తికి రాలేదు.

"కాలు పెట్టే సోటు సూసి పెట్టు" అంది.

చూసినాను. ఇసుక, గులకరాళ్ళు. అడుగు ఎత్తినాను. ఆమె నా మోచెయ్యి పట్టుకొని ఆపింది. ఎక్కడ? ఏముంది? వంగి వేలు పెట్టి చూపించింది. నా బొటనవేలికి జానెడు దూరంలో మూడు గులకరాళ్ళు గులకరాళ్ళు కావు. గూడు లేదు, గడ్డిపోచ లేదు, ఇసుకలో అరచేతి గుంట. ఇసుకరంగు మీద గోధుమ మచ్చలు. ఒకసారి కంటికి తెలిసినాక అక్కడొకటి, ఇక్కడొకటి, తిప్పంతా గుడ్లు కనబడినాయి. నేను ఒంటికాలి మీద నిలబడిపోయినాను. అంతవరకు నేను నడిచిన నేల ఎట్లాంటిదో, ఎక్కడెక్కడ ఏమేమి తొక్కినానో అని మొదటిసారి భయమైంది.

అప్పుడు లేచినాయి. తెల్లని ఒళ్ళు, నెత్తిన నల్లటోపీ, పసుపుపచ్చ ముక్కు, కత్తెర తోక. ఏటి పిట్టలంటారు మా వైపు. ఒకటొకటిగా నా నెత్తి మీదికి బాణం మాదిరి దిగి, వెంట్రుకవాసిలో మళ్ళుకొని పోతాన్నాయి. రెక్కల గాలి చెవికి తగుల్తాంది. నేను తువ్వాల నెత్తికి చుట్టుకున్నాను. సిద్దమ్మ ఏమీ చుట్టుకోలేదు. ఆమె నెత్తి మీదికీ దిగుతాన్నాయి, ఆమె నిలబడి తిట్లు తింటున్న కోడలి మాదిరి తల వంచుకొని ఉంది.

ఇంకా చిన్నవి ఉన్నాయి, గుప్పెడంత ఇసుక పిట్టలు. అవి లేచేదాకా అవి ఉన్నట్టే తెలియదు. ఒకటి నా ముందర పడి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటా పోతాంది. అయ్యో అని ఎత్తుకునేదానికి పోయినాను. నాలుగడుగులు జరిగింది. ఇంకా పోయినాను. ఇంకా జరిగింది. బాగా దూరం పోయినాక చక్కగా రెక్కలు విప్పి ఎగిరిపోయింది. వెనక సిద్దమ్మ పొట్ట పట్టుకొని నవ్వుతాంది.

"నీ సదువు యాడిదాకా వచ్చింది అప్పా?"

"బీఏ రెండో ఏడు దాకా."

"గుప్పెడు పిట్ట నిన్ను ఎద్దును తోలినట్టు తోలింది పో."

బండ నీడకు పోయి కూర్చున్నాము. ఎండ ముదిరింది. ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కేటట్టుంది. ఆ ఇసుకలో ఆ గుడ్లు ఉడికిపోవా? అడగబోతాంటే సిద్దమ్మ గడ్డంతో చూపించింది. ఒక ఏటి పిట్ట గుడ్ల మీద నుంచి లేచి నీళ్ళ మీదికి పోయింది. చేపకు కాదు. నీళ్ళను రాసుకుంటా పోయి, పొట్ట ముంచి, మళ్ళీ ముంచి, తిరిగి వచ్చి, గుడ్ల మీద నిలబడింది. రొమ్ము ఈకల నుంచి చుక్కలు గుడ్ల మీద రాలినాయి. అప్పుడు మెల్లగా, పెద్దవాళ్ళు తడిబట్టతో కూర్చున్నట్టు, కూర్చుంది. కాసేపటికి మళ్ళీ పోయింది. మళ్ళీ తెచ్చింది. తిప్ప పొడుగునా ఇదే పని జరుగుతాంది. ఎవరూ చెప్పకుండా, చెంబు లేకుండా, బిందె లేకుండా, రొమ్ముతో నీళ్ళు మోస్తాన్నాయి.

ఈ ఏటి మీద ఎన్నిసార్లు బీడీ కాలుస్తా పోయినానో. ఈ పక్కన ఇది నడుస్తాన్నది.

"ఇది ఏమి సూసినావు" అంది సిద్దమ్మ. "ఆ కొస నుంచి ఈ కొసకు ఉండేటివి. ఇప్పుడు ఈ మూలే మిగిలింది. ఈ ఏడు కూడా పిల్లలు లేవలేదంటే ఇంక రావు."

లేచి వచ్చేటప్పుడు చూపించింది. ఇసుకలో గుండ్రటి అడుగులు, గోటి గుర్తు లేనివి, ఒక గుంట దగ్గరికి పోయి, దాని నుంచి ఇంకో గుంటకు, దాని నుంచి ఇంకోదానికి, పేరంటానికి ఇల్లిల్లూ పిలుచుకుంటా పోయినట్టు పోయినాయి. ఆ అడుగులు పోయిన గుంటలన్నీ ఖాళీ.

* * *

చంపరాదు. మిగిలింది పట్టేది. సిద్దమ్మ దగ్గర కోళ్ళగంప ఉంది. దాన్ని బోర్లించి, ఒక పక్క పుల్ల ఆనించి, పుల్లకు తాడు కట్టి, కింద చేపతలకాయ పెట్టేది. "బా, బా." వచ్చేటివి. ఆమెను నమ్మినాయి కాబట్టి వచ్చేటివి. తాడు లాగేది. పొద్దున పట్టుకొని సంచిలో వేసి పెట్టేది, నేను సాయంత్రం ఆదోని బస్సు ఎక్కించేది.

ఒకసారి ఉరుకుంద ఈరన్న సామి గుడిలో గుండు కొట్టించుకొని వస్తున్న ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. సంచి మూలిగింది.

"ఏమప్పా, సంచిలో ఎవురు ఏడుస్తాండేది?"

"మా అత్త."

"అత్తను సంచిలో కట్టినావా? దేవునికి మొక్కుకొని వస్తాండా, నాకూ ఒక సంచి సూడప్పా."

బస్సంతా నవ్వులే. కండక్టరు మాత్రం నవ్వలేదు. "మేకకు టికెట్టుంది, కోడికి టికెట్టుంది, దీనికి తియ్యి" అన్నాడు. పిల్లికి టికెట్టు యాడుందన్నా, రూలు చూపించు అన్నాను. చూపించలేకపోయినాడు. ఆదోని దాకా నన్ను నిలబెట్టి తీసుకుపోయినాడు.

ఫ్యాక్టరీలో మొదట హమాలీలు మురిసిపోయినారు. పందికొక్కులు గింజలబస్తాలు కొట్టేది తగ్గిందని అన్న చెప్పినాడు. రానురాను వాచ్‌మన్ సోమప్ప గేటు దగ్గర చేతులు జోడించి నిలబడేటోడు. "సాలప్పా సామీ. ఎలుకలకంటే పిల్లులు ఎక్కువైనాయి. నా బువ్వ నాకు దక్కనిస్తాలేవు." అయినా గేటు తీసేటోడు.

పుట్టి ఎక్కే మనుషులు లేని పూటల్లో సిద్దమ్మ కొడవలి పట్టుకొని తిప్ప మీద కంప నరికేది. నేనూ నరికినాను. అరచేతులు చిల్లులు పడినాయి. నరికినచోట మళ్ళీ చిగురు. "దీనికంటే పిల్లే నయం. పిలిస్తే వస్తాది" అనేది.

ఫాల్గుణం సగం గడిచేసరికి తిప్ప మీద ఒకటే మిగిలింది. ఆ బూడిదరంగుది. నిజానికి ఆమె మొదట పట్టబోయింది దాన్నే. చేతిలో పెరిగింది కదా, సులభం అనుకుంది. ఆ రోజు పుల్ల సరిగ్గా పడలేదు, గంప అంచు దాని చెవి మీద పడింది. చెవి సగం తెంచుకొని పోయింది. అంతే. ఆ తర్వాత సిద్దమ్మ పిలిస్తే రాలేదు. ఆమె నీడ కనబడితే ఎగువ బండల్లోకి పోయేది. మోకాళ్ళ నొప్పితో ఆమె ఆ బండలెక్కలేదు. గంప కింద చేప ఎండి పెళుసైపోయింది గాని అది ముట్టలేదు.

నన్ను చూస్తే అంత భయం లేదు దానికి. ఎమ్మిగనూరు బస్టాండులో కొన్న బన్ను తుంచి వేస్తే వచ్చి తినేది. పట్టుకుందామని చెయ్యి చాపితే ముంజేయి గీరి పోయింది. మళ్ళీ మరుసటి రోజు అంతే దూరంలో వచ్చి కూర్చునేది. దాని దూరం దానికి తెలుసు. చేతికి అందదు. కర్రకు అందుతుంది. ఆ సంగతి నేను సిద్దమ్మకు చెప్పలేదు. ఆమె పుట్టిలో నుంచే చూసింది.

* * *

చివరిసారి పోయింది ఉగాదికి ముందు, ఒక పొద్దున. పుట్టి ఇసుకకు తగలకముందే తెల్ల ఈకలు కనబడినాయి, గాలికి నీళ్ళంచు దాకా దొర్లుతా. ఒక ఏటి పిట్టను, గుడ్ల మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే పట్టింది పిల్లి. తల లేదు. దాని గుడ్లు పక్కనే, ఎండలో.

మేము చూస్తాండగానే దాని జత వచ్చింది. రొమ్ము తడుపుకొని వచ్చింది. చచ్చినదాని చుట్టూ ఒకసారి తిరిగింది. గుడ్ల మీద నిలబడి నీళ్ళు కార్చింది, కూర్చుంది. లేచి మళ్ళీ నీళ్ళకు పోయింది. ఇద్దరి పని ఒక్కటే చేస్తాంది.

అది పోయిన సందులో సిద్దమ్మ నా భుజం పట్టుకొని కూర్చోబెట్టింది. చెవి ఇసుకకు ఆనించమంది. ఆనించినాను. గుడ్డు లోపల నుంచి సన్నగా, దారం తెగుతున్నంత సన్నగా, ఒక కూత. మళ్ళీ ఒకటి. పక్క గుడ్డు బదులు చెప్పింది. పెంకు ఇంకా పగల్లేదు. లోపల నుంచే ఒకదానితో ఒకటి మాట్లాడుతాన్నాయి. నేను ఏ గుడిలోనూ అంత కిందికి వంగింది లేదు.

"ఈ పొద్దో రేపో" అంది సిద్దమ్మ. "అన్నీ ఒకసారే పగుల్తాయి. పిల్లలు ఇసుకలో పరుగెత్తుతాయి, ఎగరలేవు. ఆ పిల్లి ఒక్కటి సాలు అప్పా. అది ఆకలికే తినదు. ఆడుకుంటాది. అన్నిటినీ సంపుతాది."

బండల మీద అది కూర్చొని ఉంది. సగం చెవి, ఎండకు సగం మూసిన కళ్ళు. నా బన్ను కోసం చూస్తాంది.

నాకు కోపం వచ్చింది. "ఒక్క దెబ్బకు అయిపోయే పనికి ఇన్ని వారాలా? పాపమూ లేదు, తోకా లేదు. పిల్లిని చంపితే ఏమవుతుంది? పిట్టలు చస్తే పాపం కాదా?" అన్నాను.

సిద్దమ్మ నా మీద కోప్పడలేదు. తెడ్డు ఇసుకలో గుచ్చి, దాన్ని పట్టుకొని బండల వైపు చూసింది. పిల్లి కూడా ఆమెనే చూస్తాంది.

"పాపం ఉండాదప్పా" అంది. "లేదని నువ్వు అనుకుంటే అనుకో. ఉండాది. ఆ పిల్లి నాకు పిట్టపిల్లను తెచ్చిచ్చింది. దాన్ని సంపేది పాపం గాకుంటే ఇంకేది పాపం?"

ఆమె ఏటి వైపు తిరిగింది.

"మంత్రాలయంలో సూసినావా? కాసు కట్టి పేరు సెప్తే, పూజ సేసేది ఆచారి. మంత్రం ఆయనది, సెయ్యి ఆయనది. పుణ్యం ఎవురికి? పేరు సెప్పినోనికి. యాడో బొంబాయిలో కూసున్నోనికి కూడా వస్తాదంట. పుణ్యం పేరు ఎంబడి పోయేదైతే పాపమూ అట్ల పోదా?"

తెడ్డు ఇసుక నుంచి పెరికి నా చేతికి ఇచ్చింది. తారు, చెమట కలిసి పిడి నల్లగా, నున్నగా ఉంది. నేను అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

"నా కాళ్ళకు ఆ బండలు అందవు. నన్ను సూస్తే అది నిలబడదు. నిన్ను సూసి నిలబడతాది. బన్ను వెయ్యి. తినేటప్పుడు కొట్టు. నొప్పి తెలీకుండా ఒక్క దెబ్బే కొట్టు. కొట్టేముందు మాత్రం నా పేరు సెప్పప్పా. గోత్రం నాకు తెలీదు, పేరు సాలు. మనసులో అనుకోవద్దు, గట్టిగా సెప్పు, ఈ ఏరు ఇనేటట్టు. సిద్దమ్మ సంపుతాంది అని సెప్పి కొట్టు."